పిలవకుండా వచ్చే మనిషి

"అప్పా, పాత ఇనుము కొనేవోడు వచ్చి కూకున్నాడు. సావుగదిలో కుర్చీలు ఇచ్చెయ్యమంటావేటి?" అని మా తమ్ముడు గిరి ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో, మా బడి స్టాఫ్ రూములో క్వార్టర్లీ పేపర్లు దిద్దుతున్నాను. నాన్న పెద్దకార్యం అయి అప్పటికి నెల కూడా తిరగలేదు. ఎర్రసిరా కలం పక్కన పెట్టేసి, "ఎవరు ఇమ్మన్నారు?" అన్నాను. "అమ్మే. ఆటిని సూడనేకపోతంది. ఆ తలుపు తీస్తే సాలు, ఏడుపే" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఇంట్లో ఉండి రోజూ అమ్మ ఏడుపు చూసేవాడికి తెలుస్తుంది ఆ కష్టం. దూరాన కూర్చుని వద్దనడం తేలిక. అయినా, "నేనొచ్చేదాకా ఒక్క కుర్చీ కదిలిందంటే ఊరుకోను" అన్నాను. వాడికి అప్పని, అంటే అక్కని అయినందుకు ఆమాత్రం దబాయింపు నాకు చెల్లుతుంది. మర్నాడు ఆదివారం. పొద్దున్నే పాసింజరెక్కి నౌపడలో దిగి, ఉప్పు మడుల మీంచి వచ్చే గాలి మొహాన కొడుతుంటే ఆటోలో మా ఊరు చేరాను.

ఊళ్లో మా ఇంటిని ఇప్పటికీ టెంటు తవిటయ్య ఇల్లంటారు. తవిటయ్య మా నాన్న. పెళ్లిళ్లకీ చావులకీ, అమ్మవారి సంబరాలకీ, మిషను చర్చి కూటాలకీ టెంట్లు, కుర్చీలు, వంటపాత్రలు, మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు. ఇంటి పక్కన పొడవాటి రేకుల షెడ్డు, దాని మధ్యలో అడ్డుగోడ. రోడ్డువైపుది పెళ్లిగది. కుచ్చుల అంచులున్న రంగుల షామియానాలు, విశాఖపట్నం నుంచి తెప్పించిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, గుండిగలు, గరిటెలు, సీరియల్ లైట్లు అందులో ఉండేవి. వెనకవైపుది చావుగది. తెల్లని డేరాలు, నీళ్ల డ్రమ్ములు, ఇనుప మడత కుర్చీలు. ఆ కుర్చీల కాళ్లకి అడుగున జానెడు మేర నల్లరంగు వేయించాడు నాన్న, పొరపాటున కూడా పెళ్లి సామాన్లలో కలిసిపోకుండా. నల్లకాళ్ల కుర్చీ అంటే ఏమిటో మా ఊళ్లో నడక నేర్చిన పిల్లలకి కూడా తెలుసు. పెళ్లిగది ఉన్నచోట ఇప్పుడు గిరి సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతున్నాడు. చావుగది మాత్రం అలాగే ఉంది. తలుపు తియ్యగానే తడిసి ఎండిన గుడ్డ వాసన, కిరసనాయిలు వాసన, వాటి కిందనుంచి సాంబ్రాణి, పసుపు. కుర్చీలన్నీ మడతపెట్టి గోడకి ఆనించి ఉన్నాయి. ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుందని నాన్న ఏటా వేసవిలో గరుకు కాగితంతో రుద్ది, కిరసనాయిలుతో తుడిచి, కొత్తగా రంగు వేసేవాడు. ఈ వేసవిలో వేసిన రంగు ఇంకా మెరుస్తోంది.

చిన్నప్పుడు మా ఇంటి రోజులు ఏ బండి తిరిగొచ్చింది అన్నదాన్ని బట్టి నడిచేవి. పెళ్లి నుంచి బండి వచ్చిందంటే ఇల్లంతా సందడి. అమ్మ కొంగు నడుముకి దోపి చింతపండూ బూడిదా కలిపి గుండిగలు తోమేది. అడుగంటిన సాంబారు వాసన, నెయ్యి వాసన మా జుట్టుకి కూడా పట్టేవి. నేనూ గిరీ షామియానా మడతల్లో ఎవరిదో తెగిన గాజుముక్కా, అక్షింతలూ ఏరుకునేవాళ్లం. చావింటి నుంచి వస్తే బండి వెనకగేటు దగ్గరే ఆగేది. అమ్మ చెంబులో పసుపునీళ్లూ వేపమండా పట్టుకుని నిలబడి, ప్రతి కుర్చీ మీదా, చివరికి నాన్న మీదా చల్లేది. నాన్న నూతి దగ్గర స్నానం చేసి తడిబట్టలతో అరుగెక్కాక గాజుగ్లాసుతో టీ ఇచ్చేది. ఆ టీ అయ్యేదాకా అమ్మ ఏమీ అడిగేది కాదు, ఆయన ఏమీ చెప్పేవాడు కాదు. గ్లాసు కింద పెట్టి, "పాపం, సిన్న పిల్లలు" అనో, "పండుముసిల్ది, సుకంగా ఎల్లిపోనాది" అనో ఒక మాట అనేవాడు. అంతటితో ఆ చావు మా ఇంట్లోంచి వెళ్లిపోయేది.

చావింటివాళ్లు టెంటు కోసం మా గుమ్మంలోకి రాకూడదన్నది నాన్న నియమం. "ఏడుస్తన్నోడు ఏడవాల. టెంటు కోసం ఈదుల్లో తిరగడమేటి?" అనేవాడు. డప్పు మోగినా, చర్చి గంట ఆగి ఆగి కొట్టినా నాన్న చేతిలో ముద్ద అలాగే ఆగిపోయేది. తలొంచి ఆ చప్పుడు ఏ వీధి నుంచో చెవితో చూసేవాడు. తర్వాత కంచంలోనే చెయ్యి కడిగేసి రిక్షాబండి బయటికి తీసేవాడు. దూరపు చుట్టాలు వచ్చి పడేసరికి ఆ ఇంటిముందు నీడ ఉండేది, ముసలివాళ్లకి కుర్చీలుండేవి, డ్రమ్ములో మంచినీళ్లుండేవి. ఆ ఇంటి పెద్దకి ఒకసారి రెండు చేతులూ జోడించి పక్కకి వెళ్లి నిలబడేవాడు. అద్దె మాట ఎత్తేవాడు కాదు, అన్నీ అయ్యాక వాళ్లు ఇచ్చింది పుచ్చుకునేవాడు. చావింట్లోంచి కదిలేటప్పుడు 'వస్తాను' అనకూడదు కదా, అలా అనకుండా అనకుండా ఆయనకి ఆ మాటే నోటికి రాకుండా పోయింది. పెళ్లివాళ్ల దగ్గర్నుంచీ, చివరికి మా బడి నుంచీ కూడా చెప్పాపెట్టకుండా లేచి వచ్చేసేవాడు. "నీకంటే ఆ తొక్కుడు బండి నయం. దానికి గంటైనా ఉన్నాది" అని అమ్మ వేళాకోళం చేసేది.

మా ఊరికీ వల్లకాటికీ మధ్య ఒక గెడ్డ ఉంది. ఎండాకాలంలో చీలమండలు కూడా తడవని ఇసక వాగు. వానలు పడితే కొండనీళ్లన్నీ దానిలోకే దిగుతాయి, ఛాతీలోతు. అవతలి గట్టు మీద ఒకపక్క దహనాల చోటు, పక్కనే కంచె కట్టిన క్రైస్తవుల సమాధులు. వానాకాలంలో పోయినవాళ్లని భుజాలకెత్తుకుని ఈ నీళ్లలోంచే మోసుకెళ్లాలి. "ఓలమ్మా, నాను మాత్రం ఎండల్లోనే పోతాను, ఆలకి శ్రమెట్టను" అని మా వీధిలో ముసలమ్మలు నవ్వుకునేవారు. ఆ నవ్వులో ఎంత భయముందో దేవదానం మాస్టారి తల్లి పోయిన రోజు నాకు తెలిసింది. ఆయన మాకు ఎలిమెంటరీ బళ్లో పాఠాలు చెప్పినాయన, మిషను చర్చిలో పెద్ద, నాన్నకి ప్రాణస్నేహితుడు. ముసురు పట్టి ఎంతకీ వదలని రోజుల్లో ఆవిడ కన్నుమూసింది. శవపెట్టెని మోస్తూ నీళ్లలోకి దిగారు. ముందువాళ్లలో ఒకరి కాలు జారింది. పెట్టె చేతుల్లోంచి తప్పిపోయి ప్రవాహంలో కొట్టుకుపోయింది. "అమ్మా!" అని మాస్టారు పెట్టిన కేక నేను ఇవతలి గట్టు మీద నిలబడి విన్నాను. అంత పెద్దాయన చంటిపిల్లాడిలా అరిచాడు. నాన్న ఈదుకుంటూ వెళ్లి, వెదురుపొద దగ్గర పెట్టెని పట్టుకుని, మిగతావాళ్లు వచ్చేదాకా రొమ్ముకి ఆనించుకుని నిలబడ్డాడు. నీళ్లు దిగిన పెట్టెనే పూడ్చిపెట్టారు.

ఆ రోజు నాన్న స్నానమైతే చేశాడు గానీ టీ ముట్టుకోలేదు. వంతెన కోసం ఆయన మండలాఫీసు చుట్టూ తిరగడం అప్పటికే మా ఇంట్లో పాతబడిన సంగతి. ఎప్పుడు వెళ్లినా ఎస్టిమేటన్నారు, నిధుల్లేవన్నారు, పైవాళ్లు ఒప్పుకోవాలన్నారు. ఆ ఏడాదే జడ్పీటీసీ ఎన్నికలొచ్చాయి. జిల్లా పరిషత్తులో మా మండలం తరఫున కూర్చునే మనిషిని ఎన్నుకోవడమన్నమాట. "ఆ పైవోణ్ని నానే అయితే సరి కదా" అన్నాడు నాన్న ఓ మధ్యాహ్నం, చినిగిన డేరాకి దబ్బనంతో అతుకు వేస్తూ. అమ్మ వేళాకోళమనుకుంది. కాదని తెలిశాక, "టెంటేసుకునేవోడికి పదవులెందుకు?" అంది. "పదవెవులిక్కావాలే? వంతెన పడితే ఆ మర్నాడే రాజీనామా ఇచ్చెత్తాను" అన్నాడు. నిజంగానే ఇచ్చేవాడు. ఉన్న రెండు పార్టీల వాళ్లూ ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, వాళ్ల సభకి మైకు సెట్టు మాట్లాడుకుని పంపించేశారు. దాంతో ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. గుర్తు గొడుగు అడిగితే కుట్టుమిషను వచ్చింది. "గుర్తు కాకుండా మిషనే ఇచ్చుంటే డేరాలు కుట్టుకుందును" అంది అమ్మ.

ఎన్నికల్లో నాన్నకి కలిసిరానివి చాలానే ఉన్నాయి గానీ, అన్నిటికంటే ముఖ్యమైనది మాలో ఎవరికీ ముందు తట్టలేదు. ఆయన పిలవకుండా ఒక ఇంటికి వచ్చాడంటే, గుమ్మం ముందు నిలబడి చేతులు జోడించాడంటే, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ దానికి ఒకటే అర్థం. మొదటి రోజు ఎదురింటి పోలమ్మ పెద్దమ్మతో మొదలుపెట్టాడు. ఆవిడ వీధరుగు మీద బియ్యం చెరుగుతోంది. తెల్లచొక్కా వేసుకుని, వెనక నలుగురు మనుషులతో వచ్చి, మాట్లాడకుండా చేతులు జోడించిన నాన్నని చూసి చేట జారవిడిచేసింది. "ఓలమ్మో! ఎవులికేటయింది బావూ? మద్రాసు నుంచి కబురొచ్చిందేటి? నా కొడుక్కి గానీ..." అని గుండెలు బాదుకోబోయింది. కొడుకు అక్కడ హార్బర్లో పనిచేసేవాడు. "ఎవులికీ ఏటీ అవనేదు వదినా! ఓటడగడానికొచ్చేను" అన్నాడు నాన్న కంగారుగా. "ఓటా? నీ ఓటు మండిపోను! గుండె ఆగిపోనాది కదరా నాకు!" అని ఆవిడ చేట తీసి విసిరితే, వీధి వీధంతా నవ్వింది, నాన్న కూడా నవ్వాడు. అరుగంతా చెల్లాచెదురైన బియ్యం నేనూ ఆవిడా కలిసి ఎత్తాం.

పక్క ఊళ్లలో అది నవ్వులాటగా ఉండలేదు. ఒకచోట మంచం పట్టిన ముసలాయన ఉన్న ఇంటి కోడలు, నాన్నని వీధి మొదట్లోనే చూసి తలుపు మూసేసింది. "మా మావ బాగానే ఉన్నాడు, ఇప్పుడు నువ్వు రావద్దు" అని కిటికీలోంచి చెప్పింది. ఇంకోచోట ఇంట్లో బాలింత ఉందని గుమ్మంలోకే రానివ్వలేదు. పోనీ రానిచ్చిన చోటైనా, ఓటు మాట చెప్పి, చటుక్కున వెనక్కి తిరిగి వచ్చేసేవాడు. దేవదానం మాస్టారు తోవలో ఆపి పాఠం చెప్పేవారు. "తవిటయ్యా, ఓటడిగి వెళ్లేటప్పుడు 'మళ్లీ వస్తాను' అనాలయ్యా. అనకపోతే గెలిచాక మొహం చూపించవనుకుంటారు." నాన్న తలూపేవాడు. తర్వాతి ఇంట్లో నోరు తెరిచేవాడు, ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఇంకో దండం పెట్టేసేవాడు. మళ్లీ తలొంచుకుని వచ్చేసేవాడు. అన్ని ఊళ్లలో అన్ని ఇళ్లకి కష్టకాలంలో వెళ్లిన మనిషి, వాళ్లు సుఖంగా ఉన్నప్పుడు గుమ్మం ముందు నిలబడటానికి పనికిరాకుండా పోయాడు. నాకు అప్పుడు ఊరంతటి మీదా కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఎవరి మీద కోపపడాలో తెలియదు.

ప్రచారం ఆఖరి రోజు సాయంత్రం మా ఊరి బడి ముందు సభ. నాన్న మీద పోటీచేసిన కాంట్రాక్టరు అదే సాయంత్రం మండల కేంద్రంలో సభ పెట్టుకుని, ఎర్ర కుర్చీలూ షామియానాలూ మొత్తం మా దగ్గరే ముందుగా మాట్లాడుకుని ఉన్నాడు. "ఇవ్వనని సెప్పెయ్. నీ సామాన్లతో నిన్నే ఓడిస్తాడా?" అంది అమ్మ. "మాటిచ్చేసేను. టెంటుకి పార్టీ ఏటి?" అని నాన్న దగ్గరుండి బండ్లకెత్తించి పంపించాడు. పెళ్లిగది ఖాళీ అయిపోయింది. అప్పుడు చావుగది తలుపు తీశాడు. అమ్మ అడ్డం నిలబడింది. "ఒద్దు. నీకు దండమెడతాను. బరకాలు పరిసి నేలమీద కూకోబెట్టు" అంది. నాన్న సాధారణంగా అమ్మ మాట తీసేసేవాడు కాదు. ఆ రోజు మాత్రం ఆయన గొంతు పెరిగింది. "ఈ కుర్చీల్లో కూకుని ఏడవనోడు ఈ ఊళ్లో ఎవుడే? ఆలు ఏడిసినప్పుడు ఈటినేసింది ఎవుడో మర్సిపోతారేటి? నానడిగేది వల్లకాటికి వంతెన. దానికి ఈ కుర్చీలే సరి!" అన్నాడు. అది మొండితనమో నమ్మకమో నేను చెప్పలేను. రెండూ కలిసే ఉంటాయి. ఊరు తనది కాబట్టి తన లెక్కే ఊరి లెక్క అనుకున్నాడు.

జనం వచ్చారు. అన్ని వీధుల నుంచీ వచ్చారు. వచ్చి, వరసగా వేసిన నల్లకాళ్ల కుర్చీలని చూసి, బడి ప్రహరీ వెంబడీ, రోడ్డు మీదా నిలబడిపోయారు. తెలియక ఒకదానిలో ఎక్కి కూర్చున్న మనవణ్ని పోలమ్మ పెద్దమ్మ రెక్క పట్టుకుని లాగి వీపు మీద ఒకటేసింది. దేవదానం మాస్టారొక్కరే వచ్చి ముందువరసలో కూర్చున్నారు. "కూకోండి. పన్లు సేసుకుని వచ్చేరు, కాళ్లు పీకుతాయి, కూకోండి" అని నాన్న చేతులు జోడించి బతిమాలాడు. ఎవరూ కదల్లేదు. జీవితమంతా వేరేవాళ్ల సభలకి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని చెప్పి పక్కకి తప్పుకున్న మనిషి, ఆ రోజు "హలో... హలో..." అని, తప్పుకోకుండా అక్కడే నిలబడి, ఖాళీ కుర్చీలకి గెడ్డ గురించీ వంతెన గురించీ చెప్పాడు. మాస్టారి తల్లి పెట్టె కొట్టుకుపోయిన సంగతీ చెప్పాడు. మాస్టారు కళ్లజోడు తీసేసి తుడుచుకున్నారు. జనం ఒక్కరూ కూర్చోలేదు. సభ అయ్యేదాకా ఒక్కరూ వెళ్లిపోలేదు కూడా. ఆ రెండో సంగతి అప్పుడు మాకెవరికీ పట్టలేదు.

నాన్న ఓడిపోయాడు. ఓట్ల పెట్టెలన్నీ కలిపేసి లెక్కపెట్టడంతో ఏ ఊరు ఎవరికి వేసిందో ఎవరికీ తెలియలేదు. నాన్నకి మాత్రం అనుమానమే లేదు. "మనూరోళ్లే ఏసుండరు. కూకోమంటే కూకోనోళ్లు ఓటేటేస్తారు?" అన్నాడు. ఆ తర్వాత ఎన్నికల ఊసు మా ఇంట్లో లేదు. కొన్నాళ్లకే వెనక వీధిలో డప్పు మోగింది. "ఎల్లకు. ఈసారి ఆలనే రానీ" అంది అమ్మ. నాన్న చెయ్యి కడుక్కుని బండి తీశాడు. ఆ చావుకీ వెళ్లాడు, ఆ తర్వాత అన్ని చావులకీ వెళ్లాడు. మారింది ఒక్కటే. ఆ సభ తర్వాత ఆయన నలుగురిలో కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. నా పెళ్లిలో మా మావగారు స్వయంగా కుర్చీ లాగి పక్కన కూర్చోమంటే, "నడుం పట్టేసింది బావగారూ" అని పందిరి రాట పక్కన నిలబడే ఉన్నాడు. కన్యాదానానికి పీట మీద కూర్చున్నాడు అంతే. ఆయన కోపం ఊళ్లో ఎవరికీ కనిపించలేదు. మాకు రోజూ కనిపించేది.

చాలా ఏళ్లకి, ప్రభుత్వాలు మారి మారి, గెడ్డ మీద వంతెన పడింది. శిలాఫలకం మీద వరసగా పెద్దల పేర్లు. ఆ ప్రారంభోత్సవానికి టెంటూ కుర్చీలూ నాన్నవే, జనరేటరు పక్కన నిలబడి చూశాడు. అప్పటినుంచీ సాయంత్రాలు అటు నడిచివెళ్లి, వంతెన గోడమీద చెయ్యి వేసి కాసేపు ఉండి వచ్చేవాడు. ఆ తర్వాత మా వైపు కూడా ఈవెంట్ల కంపెనీలొచ్చాయి. పెళ్లికైనా పన్నెండో రోజు భోజనాలకైనా అవే కుర్చీలు, అవే శాటిన్ కవర్లు, కవరు రంగు మారుస్తారు అంతే. ఏ కుర్చీ ఎక్కడినుంచి వచ్చిందో అడిగేవాళ్లు లేరు. చెవితో చావుని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు అసలే లేరు. ఆ పట్టింపులు మళ్లీ రావాలని నేననను, వాటివల్ల మా నాన్న పడిన బాధ నాకు తెలుసు. కానీ ఏడుస్తున్నవాడు ఫోన్ పట్టుకుని నంబర్లు వెతుక్కోవడం చూస్తే మాత్రం ఆ ఫోన్ లాగేసుకోవాలనిపిస్తుంది. నాన్న పెళ్లిగది సామాన్లు అమ్మేశాడు. చావుగది జోలికి ఎవర్నీ రానివ్వలేదు.

మొన్న ఆదివారం మళ్లీ వచ్చిన ఇనుము కొనేవాడికి టీ ఇచ్చి పంపించేశాను. ఎందుకో చెప్పాలంటే నాన్న పోయిన రోజు సంగతి చెప్పాలి.

వానాకాలం. నిద్రలోనే పోయాడు. నేను చేరేసరికి వాన వెలిసి ఎండ చురుక్కుమంటోంది. వాకిట్లో నాన్నని పడుకోబెట్టారు. మీద నీడ లేదు. గిరి గోడకి ఆనుకుని శూన్యంలోకి చూస్తున్నాడు. నేనే రోడ్డు మీది బోర్డు చూసి నంబరు కొట్టాను. "ఏ ఫంక్షన్ మేడమ్? చైర్ కవర్స్ ఏ కలర్ కావాలి?" అన్నాడు అవతల కుర్రాడు, మర్యాదగానే. ఫోన్ పెట్టేసి మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఊళ్లో ఎవరు పోయినా అందరికంటే ముందు వెళ్లి నీడ పరిచిన మనిషి మొహాన ఎండ కొడుతోంది, పరదా కట్టడానికి ఒక్కడు లేడు.

అప్పుడు షెడ్డువైపు నుంచి ఇనుము కణకణమన్న చప్పుడు. వెళ్లి చూస్తే చావుగది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. తలలు నెరిసిన మగవాళ్లు తెల్లడేరా భుజాలకెత్తుకుని వస్తున్నారు. ఆడవాళ్లు చంకనొకటి, చేతినొకటి కుర్చీలు తెస్తున్నారు. ఎవరూ వాళ్లని పిలవలేదు. నడుము వంగిపోయిన పోలమ్మ పెద్దమ్మ ఒక కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చి, నాన్న పక్కన మడత విప్పి వేసి, దాంట్లో కూర్చుంది. ఆవిడ వెనక వీధి వీధంతా కూర్చుంది. దేవదానం మాస్టారిని ఆయన కోడలు నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది. కుర్చీలు చాలక మిగిలినవాళ్లు నేలమీద చతికిలబడ్డారు.

నాన్న తల దగ్గర కూర్చున్న అమ్మ ఒక్కసారి భగ్గుమంది. "ఆ దినం దండమెట్టి కూకోమన్నాడు కదర్రా! ఒక్కలంటే ఒక్కలు కూకున్నారా? ఇప్పుడెవులు సూడాలని కూకున్నారు? ఆ దుక్కంతోనే పోనాడు నా మొగుడు!" అంది. పోలమ్మ పెద్దమ్మ తలెత్తింది. "ఏటి మాటాడతన్నావే?" అంది. "ఆడు ఎదురుగుండా నిలబడి మాటాడతండగా, ఆడి ముందు సావుకుర్చీలేసుకు కూకుంటామా? బతికున్నోడికి కీడు కాదా? నూరేళ్లుండాల్సినోడని నిలబడిపోనాం. కాళ్లు పడిపోతన్నా నిలబడే ఇన్నాం. ఓటు ఆడికే ఏసినాం, ఈ ఈదంతా ఏసినాది."

"మరా మాట ఆడితో సెప్పనేకపోనావా అప్పా?" అంది అమ్మ. గొంతులో కోపం పోయింది, ఏమీ మిగల్లేదు.

"ఎలాగ సెప్తామే? 'నీ సావు గురించి బయపడినాం' అని బతికున్నోడి మొకమ్మీద ఎలాగ సెప్తాం?"

నాన్న అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పడుకుని ఉన్నాడు. ఇన్నేళ్లూ ఎదురింట్లోనే ఉన్న మాట ఆయన పోయిన పూట బయటపడింది. నేను పోలమ్మ పెద్దమ్మ ఒళ్లో తలపెట్టి ఏడ్చాను.

మధ్యాహ్నానికి పాడె లేచింది. వంతెనకి ఇవతల దింపుడుకళ్లం. అక్కడ పాడె కిందికి దించి, పోయినవాళ్ల చెవిలో ముమ్మారు పిలుస్తారు, ప్రాణముంటే పలుకుతారేమోనని ఆఖరి ఆశ. నేనూ అక్కడిదాకా వెళ్లాను. పెద్దలు గిరిని "నానా అని పిలురా" అన్నారు. ఫోన్ల బేరాలు తప్ప ఎక్కువ మాట్లాడని మా తమ్ముడు మోకాళ్ల మీద వంగి, నాన్న చెవికి నోరు ఆనించాడు.

"నానా, ఆ దినం ఆలు కూకోనిది కోపంతో కాదంట. నీకు కీడు రాకూడదనంట. ఇన్నావా నానా? నీకే ఏసినారంట."

పక్కనున్న పెద్దాయన అలా కాదని చెప్పబోయి ఊరుకున్నాడు. గిరి అదే మాట ముమ్మారూ చెప్పాడు. తర్వాత పాడె ఎత్తి వంతెన మీదుగా మోసుకెళ్లారు. కింద గెడ్డ నిండుగా పారుతోంది. మోసేవాళ్లలో ఎవరి కాళ్లూ తడవలేదు.